ఘాట్‌లో తెరుచుకునే అలమారకి బందులు మార్చి లాభం లేదు

"పాత క్యాంపర్ వ్యానులో అలమార తలుపులు ఊడొస్తున్నాయి, బందులు నేనే మార్చుకోవచ్చా, కార్పెంటర్‌ని పిలవాలా?" అని అడిగారు. మీరే మార్చుకోవచ్చు. కానీ జబ్బు బందుల్లో లేదు. నాలుగు జతలు మార్చి చేతులు కాల్చుకున్నాక చెప్తున్నాను.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. వ్యాను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే లోపల మంచం, పొయ్యి గట్టు, పైన మూడు అలమారలు కట్టి ఉన్నాయి. పోయిన మాఘంలో మావయ్యగారిని సాలూరులో దించడానికి బయల్దేరాం. పొట్టంగి దాటి సుంకి ఘాట్‌లో పడ్డామో లేదో, వెనక నుంచి టక్‌మని చిన్న చప్పుడు. తలుపుకి ఉన్న అయస్కాంతం వదిలేసిన చప్పుడది, ఇప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతాను. తర్వాతి మలుపులో తలుపు బార్లా తెరుచుకుంది. పై బందు చెక్కపొడితో సహా ఊడి, కింది బందు మీద వేలాడింది. దాని వెనకే ఐదు కేజీల చోడిపిండి (రాగిపిండి) డబ్బా. మావయ్యగారి నెత్తిన పడలేదు, అంతే అదృష్టం. పక్కన పడి మూత ఊడింది. అద్దంలో చూస్తే ఆయన మీసం, కనుబొమలు, కళ్ళజోడు అన్నీ ఒకటే రంగు. ఒక్క మాటా అనలేదాయన. తిట్టినా బాగుండేది.

సాలూరు చేరాక తెలిసిన లారీ బాడీ షెడ్డుకి ఆయనే తీసుకెళ్ళారు. అక్కడి మేస్త్రి స్క్రూ ఊడిన కన్నంలో చిటికెన వేలు పెట్టి తిప్పాడు. పొడి రాలింది. "ఇది చెక్క కాదు బాబూ, రంపంపొట్టు ఉప్మా" అన్నాడు.

అదీ అసలు సంగతి. నాకు అమ్మినాయన ప్లైవుడ్ అని చెప్పాడు. తీరా చూస్తే పొట్టు అతికించిన పార్టికల్ బోర్డు. వానాకాలం చెమ్మకి ఉబ్బుతుంది, కుదుపులకి స్క్రూ కన్నం పెద్దదవుతుంది. అదే కన్నంలో కొత్త బందు బిగిస్తే ఎన్నాళ్ళుంటుంది? ఫర్నిచర్ షాపుల్లో కూడా ఇదే మోసం. కోసిన అంచు చూపించమంటే మొహం చిట్లిస్తారు. అంచులో పొరలు కనపడకపోతే లేచి వచ్చేయండి.

మేస్త్రి చెప్పినట్టే చేశాను. నిజంగానే ప్లైవుడ్ ఉన్నచోట అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి కన్నంలో కూరి, రాత్రంతా ఆరనిచ్చి, సన్న బిట్టుతో దారి చేసి స్క్రూ ఎక్కించాను. పార్టికల్ బోర్డుకి స్క్రూలే వద్దన్నాడు. అటు నుంచి ఇటు కన్నం పొడిచి, రెండు పక్కలా వెడల్పు వాషర్లు వేసి, వదులవని నైలాక్ నట్టుతో బిగించమన్నాడు. 35 ఎం.ఎం. కప్పు ఉండే ఆటో హింజీలు (తలుపు మూస్తే బయటికి కనపడని బందులు) తీసేసి తలుపు పొడుగునా ఒకే బందుగా ఉండే పియానో హింజి వేశాను, బరువు అన్ని బోల్టుల మీదా పడుతుందని. డ్రిల్ బిట్టుకి ఎంత లోతు కావాలో అక్కడ టేపు చుట్టండి. గోడ పక్కన నేను చుట్టలేదు, లైటు వైరు తెగింది.

అయస్కాంతాన్ని మాత్రం నమ్మకండి. బండి ఎడమకి తిరిగితే ఎడమ అలమారలో సామానంతా తలుపు మీదకి ఒరుగుతుంది, కుడికి తిరిగితే కుడి దాంట్లోది. ఆ తోపుకి అయస్కాంతం ఏపాటి? విదేశీ వీడియోల్లో చూపించే, బొత్తాం నొక్కితే పడే పుష్ లాక్ మంచిదే, కానీ నాకు జయపురంలో దొరకలేదు. తలుపుకి రెండేసి చిన్న గడియలు వేశాను. ముచ్చటగా లేవని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

తర్వాత దేవమాలి ఎక్కి దిగాం. 1,672 మీటర్ల కొండ, ఒడిశాలో అంతకన్నా ఎత్తైంది లేదు. ఒక్క నట్టు కూడా కదల్లేదు. మొన్న మావయ్యగారు మళ్ళీ వ్యాను ఎక్కారు. చోడిపిండి డబ్బా తనే కింది అరలో పెట్టి, తువ్వాలుతో కట్టి, వచ్చి నా పక్కన ముందు సీట్లో కూర్చున్నారు.