తాడు లేకుండా పాట రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. బహ్రెయిన్‌లోని ముహర్రక్ ఒడ్డున వెన్నెల్లో ఒంటరిగా కూర్చుని పాడుకునే ముసలి నహ్హామ్‌ని, అంటే ముత్యాల పడవ పాటగాణ్ణి, రాశావు. అతని గొంతులో సముద్రం ఘోషించిందన్నావు. ఏ పడవ మీద చేశాడు, వాటా ఎంత, ఎవరికి బాకీ పడ్డాడు? ఆరు పేజీల్లో ఒక్క తాడు లేదు.

నహ్హామ్ పాట పనికోసం పుట్టింది. ముత్యాల వేటకి ఎండాకాలంలో బయల్దేరితే సుమారు నాలుగు నెలలు నీళ్లమీదే. తెరచాప ఎత్తాలన్నా, లంగరు లాగాలన్నా, తెడ్లు వెయ్యాలన్నా అందరి చేతులూ ఒక్కసారే కదలాలి. అందుకే నఖోదా, అంటే పడవ పెద్ద, మంచి గొంతున్నవాణ్ణి వెతికి తెచ్చుకునేవాడు. ఒక్కో పనికి ఒక్కో పాట. అతను ఎత్తుకుంటే మిగతావాళ్లు బావిలోంచి వచ్చినట్టు అడుగు గొంతుతో అందుకుంటారు. మీ ఊళ్లో అలివి వల లాగుతూ ‘హైలెస్సా’ అనడం వింటూ పెరిగినవాడివి, ఇది నీకు నేను చెప్పాలా?

ఇంకోటి. మనుషులు అడుగున ఉండగా వాళ్ల ధైర్యం కోసం నీ నహ్హామ్ పాడుతున్నాడు. ముక్కుకి బిగింపు పెట్టుకుని, కాలికి రాయి తగిలించుకుని దిగినవాడి ధైర్యమంతా పైన తాడు పట్టుకున్న సైబ్ చేతిలో ఉంటుంది. కింద కుదుపు తెలియగానే లాగాలి. నీ కథ అక్కడ మొదలవ్వాలి.

నేను మనామాలో లెక్కలు రాసే రోజుల్లో ఒక స్నేహితుడు ముహర్రక్‌లో ‘దార్’కి తీసుకెళ్లాడు. ముత్యాల పనివాళ్లు ఒడ్డున కలిసి ఫిజిరీ అనే తమ పాటలు పాడుకునే ఇల్లది. చప్పట్లు, చిన్న మిర్వాస్ డప్పులు, జహలా అనే మట్టికుండ. పాట ఆగాక ఒక పెద్దాయన చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి చెక్కలా ఉంది. ఆ రాత్రి నాకు పాటకంటే ఆ చెయ్యే ఎక్కువ గుర్తు.

దాని మీద కథ రాసి పంపితే ఒక సంపాదకుడు ‘అప్పు లెక్కలు తీసేయండి, రసం చెడుతోంది’ అని తిప్పి పంపాడు. తియ్యలేదు. ఆ కథ తొమ్మిదేళ్లు నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడు కూడా కవిత్వంలా ఉంటే చాలు, అదే కథ అంటున్నారు. నాకు ఒళ్లు మండుతుంది. వేటకి ముందే అడ్వాన్సు తీసుకోవడం, సీజను అయ్యాక కూడా అది తీరకపోవడం, తండ్రి బాకీ కొడుకు మీద పడటం, ఇవి తీసేస్తే ఆ మనిషి ఎందుకు పాడాడో ఎవరికి అర్థమవుతుంది? బహ్రెయిన్‌లో 1920లలో సంస్కరణలు వచ్చి, ఖాతా పుస్తకంలో లెక్క రాయాలన్నందుకు ఎంత గొడవైందో చదువు. వీసా అప్పు తీర్చడానికి నువ్వు అక్కడే డ్యూటీ చేస్తున్నావు. నీకంటే బాగా ఎవరు రాస్తారు?

తర్వాత జపాన్ పెంపకం ముత్యాలొచ్చాయి, 1929 మాంద్యం వచ్చింది, 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది, ముత్యాల వేట మూలపడింది. మన హైదరాబాదులో బస్రా ముత్యాలని మురిసిపోయేవి ఈ గల్ఫ్‌వే, బొంబాయి మీదుగా వచ్చేవి. ఆ దండల వెనక ఉన్న గొంతుల్ని మనం ఒక్కసారీ అడగలేదు. 2021లో యునెస్కో ఫిజిరీని తన జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ ఆ పాటకి లాగాల్సిన తాడు ఇప్పుడు లేదు. నీ ముసలాయన దుఃఖం అదే అయితే, వెన్నెల తీసేసి అది రాయి.

కథల పోటీ సంగతి మళ్లీ మాట్లాడదాం. రెండోసారి చదివినప్పుడు నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. అతని భార్య పగిలిన జహలాలో మట్టి నింపి తులసి లాంటి మొక్క పెంచుతోంది. ఆ మొక్కకి అక్కడివాళ్లు ఏ పేరు పెట్టారో కనుక్కుని, ఆ పేరే రాసి పంపు.