ఏటి నురగ, చెరువు నురగ ఒకటేనా?

ప్రశ్న: మాది మొగల్తూరు మండలం. సముద్రానికి కిలోమీటరు లోపే ఉంటాం. ఉప్పుటేరు నీటితో మూడు చెరువుల్లో వెనామీ రొయ్య వేశాం. ఈమధ్య ఏటి ఒడ్డున తెల్లటి నురగ పేరుకుంటోంది. వారం కిందట నీరు తోడాక మా చెరువుల్లోనూ నురగ మొదలైంది. శానిటైజరుగా బి.కె.సి. (బెంజాల్కోనియం క్లోరైడ్) వేశాం. నీటి రంగు పల్చబడింది కానీ, గోధుమరంగు నురగ ఇంకా ఎక్కువై మూలల్లో చేరుతోంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేల్లో మేత మిగులుతోంది. గట్ల మీది కొబ్బరికి సముద్రం వైపు మట్టలు మాత్రమే మాడుతున్నాయి. ఇదంతా పట్టణాల సబ్బు నీటి వల్లేనా? ఏం చేయాలి?
– ఒక రొయ్య రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు ఈ రోజే చేయాల్సిన పని చెబుతాను. ఏటి నుంచి నీరు తోడటం ఆపండి. బి.కె.సి. మళ్లీ వేయకండి. మేత సగానికి తగ్గించండి. రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిప్పి, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య డి.ఓ., అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో చూడండి. అది 4 పి.పి.ఎం. (లీటరుకు 4 మిల్లీగ్రాములు) కంటే దిగిందంటే మేత పూర్తిగా ఆపేసి, అదనంగా ఏరియేటర్లు పెట్టాల్సిందే. మూలల్లో చేరిన నురగను వలతో తీసి గట్టు అవతల పారేయండి.

ఇక నురగ సంగతి. నీటి తలతన్యతను తగ్గించే పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటాం. వీటి అణువుకు ఒక కొస నీటిని, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. బట్టల సబ్బు, గిన్నెల లిక్విడ్, షాంపూ పనిచేసేది దీనివల్లే. అయితే నురగకు సబ్బే అక్కర్లేదు. నీటిలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, చచ్చి కుళ్లినప్పుడు నీటిలోకి వచ్చే ప్రోటీన్లు కూడా బాగా నురగ కడతాయి. చేపలు చావడానికి వేసే టీ సీడ్ కేక్‌లో, ఇప్ప పిండిలో, అమ్మోనియా తగ్గడానికి వేసే యుక్కా మొక్క సారంలో ఉండే సపోనిన్లు కూడా సహజమైన సర్ఫాక్టెంట్లే. మీరు వేసిన బి.కె.సి. కూడా ఈ జాతిదే. చాలామంది రైతులు దీన్ని ఉత్త శానిటైజర్ అనుకుంటారు. అది బ్యాక్టీరియాతోపాటు బ్లూమ్‌నీ, అంటే నీటికి రంగునిచ్చే ప్లాంక్టన్‌నీ చంపుతుంది. మీ నీటి రంగు పల్చబడటం, ఆ తర్వాత గోధుమరంగు నురగ పెరగడం, మేత మిగలడం, ఈ మూడూ వరసగా జరిగాయంటే చెరువులో నురగ చాలావరకు చచ్చిన బ్లూమ్‌దేనని నా అంచనా. ఏటి ఒడ్డున తెల్లటి నురగ సంగతి వేరు. దాన్ని విడిగా చూడాలి.

ఇంకో విషయం. డిటర్జెంట్లలో ఎక్కువగా ఉండే సర్ఫాక్టెంట్లకు రుణావేశం, బి.కె.సి.కి ధనావేశం ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని బి.కె.సి. పని చెడుతుంది. మురుగు కలిసిన నీటిలో బి.కె.సి. పనిచేయలేదని డోసు పెంచే రైతులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ఏటి నురగను ఒడ్డున నిలబడి కొంతవరకు పోల్చుకోవచ్చు. బాగా తెల్లగా ఉండి, సబ్బు వాసనో సెంటు వాసనో వస్తూ, డ్రెయిన్ కలిసే చోట ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గితే డిటర్జెంటు మీద అనుమానపడాలి. మట్టి వాసన, నీచు వాసన వస్తూ మాసిన రంగులో ఏటి పొడవునా ఉంటే అది చాలావరకు సహజమైన నురగే. భీమవరం మీదుగా వచ్చే యనమదుర్రు లాంటి డ్రెయిన్లు ఊళ్ల మురుగును మోసుకొస్తున్న ప్రాంతం మీది. కాబట్టి అనుమానంతో సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించండి. గాజు సీసాను సబ్బుతో కడగకుండా, ఆ ఏటి నీటితోనే మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా నింపి మూత పెట్టండి. ఆటు సమయంలో, అంటే డ్రెయిన్ నీరు సముద్రం వైపు దిగేటప్పుడు ఒక సీసా, పోటు నీరు ఎక్కేటప్పుడు ఒక సీసా పట్టండి. ఐస్‌లో పెట్టి మర్నాటికల్లా ల్యాబ్‌కు చేర్చండి. ‘ఎం.బి.ఎ.ఎస్. పరీక్ష’ అని అడగండి. నీటిలో డిటర్జెంటు ఎంతుందో చెప్పే పరీక్ష ఇది. తాగునీటిలో డిటర్జెంటుకు మన భారతీయ ప్రమాణం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. అది చెరువులకు పెట్టిన హద్దు కాదు కానీ, రిపోర్టు చదవడానికి ఒక కొలతగా పనికొస్తుంది. లీటరుకు కొన్ని మిల్లీగ్రాములకు చేరితే చేపలు చనిపోయే స్థాయి అది. చేపపిల్లలు చావడానికి అంతకంటే తక్కువే చాలు. సర్ఫాక్టెంట్లు మొదట దెబ్బతీసేది మొప్పలను. రొయ్యకు ఊపిరికీ, ఒంట్లో ఉప్పు సర్దుబాటుకీ మొప్పలే ఆధారం. కాబట్టి సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు, మోల్టింగ్ (పెంకు విడిచే) సమయంలో అనుమానం ఉన్న నీరు అసలు పెట్టొద్దు.

వచ్చే పంటకైనా ఒక చెరువును, తోడిన నీటిని ముందు నిలవ ఉంచే రిజర్వాయరుగా వదలండి. ఇప్పటి బట్టల పొడుల్లో ఉండే ఎల్.ఎ.ఎస్. అనే సర్ఫాక్టెంటును, ఆక్సిజన్ ఉంటే బ్యాక్టీరియా కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. 1960ల మధ్య వరకు ఎక్కువగా వాడిన రకం అలా విరిగేది కాదు. విదేశాల్లో నదుల మీద నురగ గుట్టలు తేలడంతో దాన్ని మార్చారు. అయితే గాలి ఆడని నల్ల బురదలో ఎల్.ఎ.ఎస్. కూడా విరగదు. మురుగు డ్రెయిన్లలో అది నిలిచిపోవడానికి కారణం ఇదే. అందువల్ల రిజర్వాయరులో వారం రోజులు ఏరియేటర్లు తిప్పి, ఆ తర్వాతే బ్లీచింగ్ వేయండి. చాలామంది నీరు పెట్టిన రోజే బ్లీచింగ్ వేస్తారు. దాంతో సబ్బును తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, సబ్బు మాత్రం మిగిలిపోతుంది.

రిపోర్టులో డిటర్జెంటు ఎక్కువని తేలితే, చుట్టుపక్కల రైతులంతా కలిసి దాన్ని జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్యశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మురుగు శుద్ధి చేయకుండా వదలడం వల్ల పడే దెబ్బను రైతు ఒక్కడే మోయాల్సిన పని లేదు. 2019లో చెన్నై మెరీనా బీచ్ పొడవునా నురగ కమ్మినప్పుడు పిల్లలు అందులో ఆడుకున్నారు. మీ ఊళ్లో పిల్లల్ని మాత్రం ఆ నురగ దగ్గరికి వెళ్లనివ్వకండి.

ఇప్పుడు కొబ్బరి. ఈ సబ్బు నీరు సముద్రంలో కలిశాక పైపొరలో చేరుతుంది. అలలు విరిగినప్పుడు పగిలే బుడగల నుంచి సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తుంది. ఉత్త ఉప్పు నీటి బొట్టు ఆకు మీది మైనపు పూత మీద, తామరాకు మీద బొట్టులా, పెద్దగా అంటకుండా జారిపోతుంది. సర్ఫాక్టెంటు కలిసిన బొట్టు పరుచుకుని, ఆకు రంధ్రాల గుండా ఉప్పును లోపలికి తీసుకుపోతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ తీరాన నార్‌ఫోక్ పైన్ చెట్లు ఇలాగే ఎండిపోయాయి. ఇటలీలో పీసా దగ్గరి సాన్ రొస్సోరె పైన్ అడవిలోనూ ఇదే జరిగింది. రెండు చోట్లా దెబ్బ తగిలింది సముద్రం వైపే.

మీ చెట్లకూ ఇదే కారణమని ఇక్కడి నుంచి తేల్చి చెప్పలేను. పొటాష్ లోపమైతే చుట్టూ ఉన్న పాత మట్టలు కొసల నుంచి పసుపెక్కి ఎండుతాయి. ఒక వైపే, లేత మట్టలు కూడా మాడుతున్నాయంటే గాలి దెబ్బే. అందులో సబ్బు లేకపోయినా ఉత్త ఉప్పు గాలి గట్టిగా వీస్తే కూడా మాడతాయి. ఒక్కటి గుర్తు చేసుకోండి. తెల్లదోమకు వేపనూనెలో డిటర్జెంట్ పొడి కలిపి కొట్టారా? ఆకు మీద మిగిలిన ఆ పొడి కూడా ఉప్పు తుంపరకు దారి ఇవ్వగలదు. సముద్రపు గాలి ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆ మందు కొట్టొద్దు. గాలి తగ్గాక అందినంతవరకు చిన్న మొక్కల ఆకులను మంచినీటితో కడగండి. చెరువు నీటితో కడిగితే లాభం లేదు. మాడిన మట్టలను తొందరపడి నరకకండి. సగం పచ్చగా ఉన్న మట్టలు ఇంకా చెట్టుకు ఉపయోగపడతాయి. మొవ్వులోంచి వచ్చే కొత్త ఆకు శుభ్రంగా ఉందో లేదో నెల రోజులు గమనించి, ఫోటోలు, ల్యాబ్ రిపోర్టుతో అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి చూపించండి.