ఊరికి వచ్చి స్థిరపడేవారికి ప్రభుత్వ సాయం: పలమనేరు వైపు మా అనుభవం

మీరు అడిగినవి రెండు. జనం తగ్గిపోయిన ఊళ్లు కొత్తగా వచ్చేవారికి డబ్బిచ్చి పిలిచే పద్ధతి విదేశాల్లో ఉన్నట్లు మన చిత్తూరు పశ్చిమ మండలాల్లోనూ సాధ్యమా అన్నది మొదటిది. అలాంటి సాయమేదీ లేకపోయినా, బెంగళూరులో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మీరు ఆరో తరగతి చదివే కూతురితో పుంగనూరు దగ్గరి సొంత ఊరికి రావచ్చునా అన్నది రెండోది. మేము 2021 జూన్‌లో బెంగళూరు కె.ఆర్.పురం నుంచి పలమనేరు మండలంలోని నా భార్య పుట్టిన ఊరికి వచ్చి ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నాము గనుక, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

వార్తల శీర్షికలు చూస్తే ఆ దేశాల్లో ఊరికి చేరగానే చేతిలో డబ్బు పెడతారనిపిస్తుంది గాని, షరతులు చదివితే సంగతి వేరుగా ఉంటుంది. జపాన్ ప్రభుత్వం 2019 నుంచి టోక్యో 23 వార్డులను వదిలి ఇతర ప్రాంతాలకు వెళ్లే కుటుంబానికి 10 లక్షల యెన్‌ల వరకు, ఒంటరిగా వెళ్లేవారికి 6 లక్షల యెన్‌ల వరకు ఇస్తోంది. పిల్లలుంటే ఒక్కొక్కరికి అదనంగా ఇచ్చే మొత్తాన్ని 2023లో 3 లక్షల నుంచి 10 లక్షల యెన్‌లకు పెంచింది. అయితే మూడేళ్ల లోపు ఊరు విడిస్తే మొత్తం డబ్బు, ఐదేళ్ల లోపు విడిస్తే సగం తిరిగి కట్టాలి. స్విట్జర్లాండ్‌లో అల్బినెన్ అనే కొండ ఊరి ప్రజలు 2017లో ఓటు వేసి, 45 ఏళ్ల లోపు పెద్దలకు తలా 25,000 ఫ్రాంకులు, పిల్లలకు తలా 10,000 ఫ్రాంకులు ఇవ్వాలని తీర్మానించారు; తీసుకున్నవారు కనీసం 2 లక్షల ఫ్రాంకులు ఇంటి మీద పెట్టి, పదేళ్లు అక్కడే కాపురం ఉండాలి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2019లో మొదలుపెట్టిన పథకంలో సామాను తరలింపు, కంప్యూటరు, ఇంటర్నెట్ వంటి ఖర్చులకు రెండేళ్లలో 10,000 డాలర్ల వరకు ఇచ్చారు. ఈ డబ్బు లేకపోయినా వచ్చేవారికే ఇస్తున్నారేమోనన్న విమర్శ దానికి తప్పలేదు, ఆ విమర్శలో న్యాయముందని నా అభిప్రాయం. అదే దేశంలో కాన్సాస్ రాష్ట్రం 2011లో తెచ్చిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది: జనం తగ్గుతున్న కౌంటీలకు (మన జిల్లాల వంటివి) వచ్చి ఉండే పట్టభద్రుల చదువు అప్పులో ఏడాదికి 3,000 డాలర్ల వరకు, ఐదేళ్ల పాటు, రాష్ట్రమూ స్థానిక సంస్థలూ కలిసి తీర్చే ఏర్పాటు అది. అక్కడ ఉన్న ఏటికే ఆ ఏటి డబ్బు.

మేము వచ్చినప్పుడు మాకు నిజంగా కరువైనది అద్దె ఇల్లు. మా అత్తగారింట్లో బావమరిది కుటుంబం ఉంటోంది, మాకు చోటు చాలదు. అదే వీధిలో పదకొండు ఇళ్లుంటే ఐదింటికి తాళాలు, వాటిలో ఒక్కటీ అద్దెకు దొరకలేదు. చివరికి మాకు దొరికినది రాతి కూసాల మిద్దె ఇల్లు, అది నలుగురు అన్నదమ్ములది. ఇద్దరు బెంగళూరులో, ఒకరు హోసూరులో, ఒకరు కువైట్‌లో ఉన్నారు. భాగాలు పంచుకోలేదు గనుక ఒకరు తాళంచెవి ఇస్తే మిగిలినవారు ఏమంటారోనన్న జంకు, అద్దెకు చేరినవారు రేపు ఖాళీ చేయరేమోనన్న భయం. మా మామగారు రెండు నెలలు ఫోన్లు చేసి నలుగురినీ ఒప్పించి, పదకొండు నెలలకు స్టాంపు కాగితం రాయించి, మరమ్మతు ఖర్చు అద్దెలో తగ్గించుకునేలా మాట్లాడారు. పెద్దాయన స్వయంగా తాళంచెవి తెచ్చారు గాని, తుప్పుపట్టిన తాళం తిరగలేదు. కిరోసిన్ పోసి కొంతసేపు చూసి, ఆఖరికి గునపంతో గొళ్లెం ఊడబెరకవలసి వచ్చింది. లోపల గోడకు 2009 నాటి క్యాలెండరు, ఎండిపోయిన దండతో వాళ్ల అమ్మగారి ఫోటో, మూలన రెండు ధాన్యపు బానలు అలాగే ఉన్నాయి. ఆయన ఆ ఫోటోను పైపంచెతో తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. బిల్లు కట్టక కరెంటు మీటరు తీసేసి ఉండడంతో కొత్త కనెక్షన్‌కు మళ్లీ వాళ్ల సంతకాలు కావలసి వచ్చాయి, కారే మిద్దెకు 68,000 రూపాయలు పెట్టాము.

అందుకే ఐర్లాండ్ ఉదాహరణ మనకు దగ్గరగా ఉంటుందనుకుంటాను. అక్కడి దీవులకు వెళ్లి ఉంటే 84,000 యూరోలు ఇస్తారని 2023లో లోకమంతా ప్రచారం జరిగింది. నిజానికి అది ఖాళీగా పాడుబడిన ఇంటిని నివాసయోగ్యంగా చేసుకోవడానికి ఇచ్చే గ్రాంటు గరిష్ఠ పరిమితి. జపాన్‌లో 2023 సర్వే ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉండగా, అక్కడి స్థానిక సంస్థలు అటువంటి ఇళ్ల జాబితాను అందరికీ కనిపించేలా పెట్టి, యజమానికీ వచ్చేవారికీ మధ్య మాట కలుపుతాయి. మా మామగారు రెండు నెలలు చేసిన పని అదే.

డబ్బు మనిషిని తెస్తుందేమో గాని కుటుంబాన్ని తేలేదనడానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యముంది. 2016లో సచివాలయాన్ని హైదరాబాదు నుంచి అమరావతికి తరలించినప్పుడు ఉద్యోగులకు వారానికి ఐదు రోజుల పని, 30 శాతం ఇంటి అద్దె భత్యం, కొందరికి ఉచిత వసతి కల్పించారు. అయినా పిల్లల చదువులు, భార్య లేదా భర్త ఉద్యోగం హైదరాబాదులోనే ఉన్నవారు శుక్రవారం సాయంత్రం హైదరాబాదు రైలెక్కుతూనే వచ్చారు. నేను వారిని తప్పుపట్టను, ఇంట్లో ఇద్దరికీ పని దొరకనిదే ఏ ఊరూ నిలవదు.

మా ఇంట్లో ఆ రెండో పని నా భార్య చెక్క గానుగ. మన దగ్గర ఊరికి వచ్చినందుకు డబ్బిచ్చే పథకం నా ఎరుకలో లేదు గాని, గ్రామంలో కొత్త యూనిట్ పెడితే కేంద్రం ఇచ్చే పి.ఎం.ఇ.జి.పి. (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) సబ్సిడీని మేము వాడుకున్నాము. గ్రామీణ ప్రాంతంలో మహిళలకు ప్రాజెక్టు విలువలో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. మా ప్రాజెక్టు 8 లక్షలు గనుక 40,000 మాది, మిగిలిన 7 లక్షల 60 వేలు బ్యాంకు ఇచ్చింది, సబ్సిడీ 2 లక్షల 80 వేలు. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తున్నదని తనిఖీ అయిన తరువాతే అప్పులో జమవుతుంది. మొదట వెళ్లిన బ్యాంకు శాఖ నాలుగు నెలలు తిప్పి, ఈ ఊళ్లో గానుగ నూనె ఎవరు కొంటారని తిరస్కరించింది. రెండో శాఖ ఒప్పుకున్నది. ఆ మూడేళ్ల షరతు మొదట మాకు కష్టంగా తోచినా, రెండో ఏట చెనక్కాయల ధర పెరిగి మూసేద్దామా అనుకున్నప్పుడు మమ్మల్ని ఆపినది అదే.

ఇక పంచాయతీలు ఏమి చేయగలవన్నది చూద్దాం. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించినది గనుక, పంచాయతీ తన నిధులతో కొత్త కుటుంబాలకు నగదు పంచుతుందని ఆశించడం సరికాదు. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7కు పడిపోయింది, మా ఊరి బడిలో పిల్లలు తగ్గుతున్నారు. రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే తాళం వేసిన ఇంటిని బాగుచేసి కనీసం ఐదేళ్లు అద్దెకిచ్చే యజమానికి మరమ్మతులో సగం ఇవ్వవచ్చు, గ్రామ సచివాలయమే ఒప్పందానికి సాక్షిగా ఉండవచ్చు. నగదు బహుమతి కంటే దానితోనే ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయని నా గట్టి నమ్మకం.

మీ విషయానికి వస్తే, ఒక ప్రయోజనం మీ లెక్కలో ఉన్నట్లు లేదు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం మన కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి, అర్హత పరీక్ష (ఇంటర్మీడియట్) రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివినవారు స్థానికులవుతారు. మీ అమ్మాయి తొమ్మిదో తరగతికల్లా ఇక్కడి బడిలో చేరితే ఇంటర్మీడియట్ పూర్తయ్యేసరికి ఆ అర్హత వస్తుంది. పదో తరగతి అక్కడే ముగించుకుని వస్తే రాదు. అంటే మీకు రెండేళ్లకు పైగా గడువుంది.

కాబట్టి ఉన్న ఇంటిని ఇప్పుడే ఖాళీ చేయకుండా ఏప్రిల్, మే నెలల్లో కుటుంబంతో వచ్చి ఊళ్లో ఉండి చూడండి. మా వైపు వెయ్యి అడుగుల బోర్లు కూడా ఎండిపోయే కాలమది. ఏ వీధికి కుళాయి నీరు వస్తుందో, ఏ వీధి ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చుంటుందో అప్పుడు తెలుస్తుంది. సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్ నిలుస్తుందో లేదో ఆఫీసు సమావేశంలో కూర్చునే పరీక్షించండి. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం ఈరోజే కనుక్కోవడం మొదలుపెట్టండి.