డ్యాష్‌క్యామ్‌కు ఫ్యూజ్ బాక్స్ నుంచి కరెంటు లాగేటప్పుడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారులో వెనక చూసుకునే అద్దం వెనక డ్యాష్‌క్యామ్ (రోడ్డును రికార్డు చేసే కెమెరా) పెట్టి, వైరు వేలాడకుండా ఫ్యూజ్ బాక్స్ నుంచే కరెంటు ఇస్తానన్నావు. పూటలో అయ్యే పనే. ఫ్యూజుల దగ్గర, ముందు గాజు పక్కన పైకప్పును మోసే పిల్లర్ దగ్గర మాత్రం తొందరపడకు.

ఇలాంటి కెమెరాల్లో చాలావాటికి కావలసింది 5 వోల్టులు, కారు ఇచ్చేది 12. నేరుగా కలిపితే అలాంటి కెమెరా కాలిపోతుంది. మధ్యలో 12ను 5కు తగ్గించే హార్డ్‌వైర్ కిట్ ఉండాలి, అదీ ఆ కెమెరా కంపెనీదే అయితే మేలు. దానికి మూడు వైర్లుంటాయి: ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు ఒకటి, తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు ఒకటి, ఎర్త్‌కు ఒకటి. రంగులు కంపెనీకో తీరు, వైరు మీది రాతనే నమ్ము. రెండు ఫ్యూజ్ ట్యాపులు (ఫ్యూజు చోట గుచ్చి, పాత ఫ్యూజునూ కెమెరా కోసం కొత్త ఫ్యూజునూ పెట్టే వైరున్న సాకెట్లు), వోల్టులు కొలిచే మల్టీమీటర్, ప్యానెళ్లు ఊడదీసే ప్లాస్టిక్ పనిముట్లు, గుడ్డ టేపు కూడా కావాలి. ఫ్యూజుల్లో మినీ, లో-ప్రొఫైల్ మినీ, మైక్రో అని రకాలున్నాయి. కాబట్టి నీ కారు ఫ్యూజొకటి పీకి, పక్కన పెట్టి చూసుకున్నాకే ట్యాప్ కొను.

ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది), ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి అసలు పోకు. వైపర్, పవర్ సాకెట్, లోపలి లైటు లాంటివి మల్టీమీటర్‌తో కొలిచి చూసుకో. ఇక్కడ చాలామంది మోసపోయే చోటొకటుంది. తాళం తీశాక కూడా కొన్ని ఫ్యూజుల్లో కాసేపు కరెంటుంటుంది, కారు పూర్తిగా నిద్రపోయాక ఆగిపోతుంది. వాటిని ఎప్పుడూ కరెంటుండేవి అనుకుని కలిపితే పార్కింగ్ రికార్డింగ్, అంటే కారు ఆపి ఉంచినప్పటి రికార్డింగ్, పనిచేయదు. అందుకే కారు లాక్ చేసి అరగంటయ్యాక మళ్లీ కొలువు.

ఫ్యూజు పీకి ఆ చోట ట్యాపును గుచ్చేటప్పుడు అది తిరగబడినా కెమెరా పనిచేస్తూనే ఉంటుంది, తప్పు కంటికి కనబడదు. కానీ కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజు మీదుగానే పోతుంది. దీనికి సులువైన పరీక్షుంది. ట్యాపులో పాత ఫ్యూజు తీసేసి, కొత్తది మాత్రమే ఉంచు. అప్పుడూ ట్యాపు వైరులో 12 వోల్టులు వస్తే సరిగ్గా కూర్చున్నట్టు. రాకపోతే ట్యాపును తిప్పి పెట్టు. కొత్త ఫ్యూజు కిట్‌తో వచ్చిందే వెయ్యి, సాధారణంగా 2 లేక 3 ఆంపియర్లది. అది ఎగిరిపోతే పెద్దది వేసి సరిపెట్టకు, వైరు ఎక్కడో నలిగి ఉండొచ్చు.

ఎర్త్ వైరును బాడీకి నేరుగా తగిలే బోల్టు కిందే బిగించు. పెయింటు మీద బిగిస్తే కెమెరా మాటిమాటికి ఆగి మొదలవుతుంటుంది. కొత్త కెమెరా పాడైందని వెనక్కిచ్చేసే వాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే.

కొలతలన్నీ అయ్యాక బ్యాటరీ నెగటివ్ తీసి, కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి, అప్పుడు పిల్లర్ కవరు ఊడదియ్యి. లోపల మడతపెట్టిన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, వైరు దాని వెనకగా పోవాలి. ముందు నుంచి పోయిందంటే, బ్యాగ్ విచ్చుకునేటప్పుడు దానికి అడ్డుపడుతుంది, లేదా వైరే మొహం మీదికి కొట్టుకొస్తుంది. ప్రాణంతో ముడిపడ్డ సంగతి, ఇక్కడ అనుమానముంటే మెకానిక్‌ను పిలువు. అక్కణ్ణుంచి పైకప్పు అంచులోకి వైరును వేలితో నెట్టేస్తే చాలు. పిల్లర్ లోపల పాత వైర్ల కట్టకు టేపుతో కట్టు, లేకపోతే గతుకుల్లో టకటకమంటుంది.

కెమెరా అద్దం వెనక, పక్క సీటు వైపు, వైపర్ తుడిచే మేరలో ఉండాలి. అక్కడే ఉండే వాన సెన్సార్‌కూ కారు సొంత కెమెరాకూ అడ్డు రాకూడదు. గాజును ఆల్కహాల్‌తో తుడిచి అతికించు.

పార్కింగ్‌లో 5 వాట్ల కెమెరా 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్లు లాగుతుంది. ఒక రోజుకు దాదాపు 10 ఆంపియర్-గంటలు. పూర్తిగా ఛార్జయిన మామూలు బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 అంటే సగమే మిగిలినట్టు. కిట్‌లో కటాఫ్‌ను, అంటే బ్యాటరీ ఎంతకు దిగితే కిట్ కెమెరాను ఆపేయాలో ఆ వోల్టేజిని, 12.2 దగ్గరే పెట్టు. 11.6 పెడితే ఎక్కువసేపు రికార్డవుతుంది గానీ పొద్దున బండి స్టార్టవకపోవచ్చు. బ్యాటరీ పాతదైతే పార్కింగ్ రికార్డింగే వద్దు.

పనయ్యాక ఒక రాత్రి ఉంచి, తెల్లారి స్టార్ట్ చేయకముందే బ్యాటరీ వోల్టేజి కొలిచి నాకు రాయి.

ఇట్లు,
నీ మామయ్య