అందరూ ఎలక్ట్రిక్ బండ్లు కొంటే గ్రిడ్ తట్టుకుంటుందా?

మీ ప్రశ్న చూడగానే నాకు గుర్తొచ్చింది బండ్లు కాదు, బోరు మోటార్ల ఆటోస్టార్టర్లు, అంటే కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే పెట్టెలు. నేనుండేది హనుమకొండలో, సొంతూరు పరకాల వైపు.

అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రోజుకు కొన్ని గంటలే, అదీ చాలాసార్లు అర్ధరాత్రి. ఆ వేళ పొలం ఎవరు పోతారని అందరూ ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచేవి. మోటారు లేచేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇంకేముంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. రైతులు తలా కొంత వేసుకుని దాన్ని ట్రాక్టర్ మీద రిపేరుకు తీసుకెళ్లేవారు. తిరిగొచ్చేదాకా పొలం ఎండేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది అందుకే.

ఇప్పుడు బండ్ల లెక్క చూడండి. నా స్కూటర్ రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. అలాంటివి కోటి ఉన్నా రోజుకు కోటి యూనిట్లు. దేశం ఒక్క రోజులో వాడేది 400 కోట్ల యూనిట్ల పైమాటే. కాబట్టి మొత్తం కరెంటుకు ఢోకా లేదు. కానీ ఆ కోటి స్కూటర్లనూ రాత్రి ఏడింటికి ఒకేసారి ప్లగ్గులో పెడితే? ఒక్కోటి 750 వాట్లు అనుకున్నా 7,500 మెగావాట్లు. మన భూపాలపల్లి దగ్గరి చెల్పూరు ప్లాంటు మొత్తం కలిపి 1,100 మెగావాట్లే. అలాంటివి ఏడు కావాలి, అదీ సోలార్ పడుకున్న వేళ.

ముందే తెలిస్తే గ్రిడ్ ఇంతకంటే పెద్ద ఊపే తట్టుకుంటుంది. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆపితే లోడ్ దాదాపు 31,000 మెగావాట్లు పడి, మళ్లీ లేచింది. జలవిద్యుత్ కేంద్రాలను దించుతూ, పెంచుతూ నెట్టుకొచ్చారు.

నా టెన్షన్ అంతా మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ గురించే. దాని సామర్థ్యం 100 కేవీఏ, అంటే మూడు ఫేజుల్లో ఒక్కో ఫేజు తీగ మీద 140 ఆంపియర్ల లోపే కరెంటు ఇవ్వగలదు. పోయిన మే నెలలో రాత్రిపూట ఏసీలకు తోడు మా అపార్ట్‌మెంట్లో రెండు కార్లు చార్జింగ్‌కు పెట్టేవారు. ఏడు కిలోవాట్ల చార్జర్ ఒక్కోటి 30 ఆంపియర్లు లాగుతుంది. రెండూ ఒకే ఫేజు మీద ఉన్నాయి. వారంలో మూడుసార్లు ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వచ్చి ఒకదాన్ని వేరే ఫేజుకు మార్చాడు. అప్పటికి గాని ఎవరి కారు ఎప్పుడు పెడుతున్నారో మాలో మాకే తెలియలేదు!

రాత్రి పది తర్వాత రేటు తగ్గిస్తే చాలని కొందరంటారు. అందరూ టైమర్ సరిగ్గా పదికే పెట్టుకుంటే అది మళ్లీ ఆటోస్టార్టరే. మేమైతే ఒక కారు పదకొండుకు, ఇంకోటి రెండింటికి అని వంతులు వేసుకున్నాం. ఆదివారాలు మాత్రం సోలార్ కరెంటు ఉండే మధ్యాహ్నం వేళే చార్జింగ్‌కు పెట్టేస్తున్నాం. కారు కొనాలనుకుంటే ముందు మీ మీటరుకు శాంక్షన్ అయిన లోడ్, అంటే ఒకేసారి ఎన్ని కిలోవాట్లు వాడుకోవచ్చో చూసుకోండి. రాత్రంతా ఇంట్లోనే ఉండే బండికి 3.3 కిలోవాట్ల చార్జర్ సరిపోతుంది.