తాతయ్యను ఎలా పంపిస్తావు?

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ హాస్య ధారావాహికలో తాతయ్య వేషం వేసే పెద్దాయన ఇక రోజూ సెట్‌కు రాలేనన్నారనీ, ఆ పాత్రను గుండెపోటుతో చంపి ఒక ఎపిసోడ్ అంతా ఏడిపిస్తాననీ రాశావు. చంపడానికి నాకు అభ్యంతరం లేదు. ఇన్నేళ్లు నవ్వించినవాడి చివరి రోజున నవ్వును గడప బయట నిలబెట్టడం మాత్రం అన్యాయం.

బీబీసీలో 1973 నుంచి 2010 దాకా నడిచిన ‘లాస్ట్ ఆఫ్ ద సమ్మర్ వైన్’ అనే హాస్య ధారావాహిక వెతికి చూడు. యార్క్‌షైర్‌లోని హోమ్‌ఫర్త్ పరిసరాల్లో తీశారు. పనీపాటా లేని ముగ్గురు ముసలివాళ్లు కొండదారుల్లో తిరుగుతూ చేసే అల్లరే కథ. 295 ఎపిసోడ్లూ రాయ్ క్లార్క్ ఒక్కరే రాశారు. ముగ్గురిలో కాంపోకు ఊలు టోపీ, రబ్బరు బూట్లు, పొరుగింటి నోరా బాటీ మీద తీరని మోజు. ఆమె మేజోళ్లు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. అతను దగ్గరికొస్తే చీపురు తిరగేస్తుంది.

కాంపో వేషధారి బిల్ ఓవెన్ 1999 జులైలో కన్నుమూశారు. మరుసటి ఏడాది క్లార్క్ మూడు ఎపిసోడ్లలో కాంపోను సాగనంపారు. ఆ ముడతల మేజోళ్లు లేకుండా నోరా ఒకనాడు అతని కంటపడుతుంది. ఆ సంబరం తట్టుకోలేక కాంపో ఆసుపత్రి పాలై, అక్కడే పోతాడు. ఏళ్ల తరబడి మనల్ని నవ్వించిన మోజే అతన్ని తీసుకెళ్లింది. నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి ఎపిసోడ్. మిత్రులకు తెలియకుండా కాంపోకు ఒక స్నేహితురాలు ఉండేదని అప్పుడు బయటపడుతుంది. మనిషి పోయాక కూడా పాత్ర పెరుగుతోంది, చూశావా! మనం సంతాప సన్నివేశమంటే పాత జ్ఞాపకాలే తిరగేస్తాం. నీ తాతయ్య గురించి ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఇప్పుడే అనుకుని పెట్టుకో.

ఆ తర్వాత ఓవెన్ కొడుకు టామ్ ఓవెన్‌నే కాంపో కొడుకుగా తెచ్చారు. మంచి పని చేశారు. అదే పాత్రకు మరొకరిని పెట్టి ఉంటే చూడలేకపోయేవాణ్ని.

చంపకుండా దాటించిన తీరు కూడా అక్కడే ఉంది. ఆ ముగ్గురిలో మరొకడైన క్లెగ్‌గా పీటర్ సాలిస్ మొదటి నుంచి చివరిదాకా ఉన్నారు. వయసు వల్ల ఆరుబయట చిత్రీకరణకు బీమా ఇబ్బంది వచ్చినప్పుడు ఆయన సన్నివేశాలను ఇంటి లోపలికి మార్చారు. క్లెగ్ అసలే జంకు మనిషి, కాబట్టి అతికింది. 2010లో ధారావాహిక ముగిసింది కూడా ఆయన మాటతోనే: ‘తలుపు తాళం వేశానా?’ అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. వీడ్కోలు ఉపన్యాసం లేదు. క్లెగ్ ఏ రోజైనా అనగల మాట అది.

మీ పెద్దాయన నిక్షేపంగా ఉన్నారు. ముందు ఆయన్ని అడుగు. కూర్చుని చేయగలరేమో, ఫోనులో గొంతైనా ఇవ్వగలరేమో. పంపక తప్పదంటే, మీ తాతయ్య రోజూ పక్కింటి పేపరు ముందుగా చదివి, నలిపి తిరిగి వేస్తాడు కదా, అక్కడ మొదలుపెట్టు. పేపరు నలగకుండా వచ్చిందని పక్కింటాయన దెబ్బలాటకు రావాలి. ఆ సన్నివేశం రాసి నాకు పంపు. విషాద సంగీతం అని మాత్రం అందులో ఎక్కడా రాయకు.

మీ అన్నయ్య