నెల్లిమర్ల రోడ్డు గోదాంలో నా రెండేళ్ల కాపురం

"న్యూయార్క్‌లో ఆర్టిస్టులు పాత ఫ్యాక్టరీల్లోనే ఉంటూ బొమ్మలు వేసేవాళ్లట, విజయనగరం లాంటి ఊళ్లో అది కుదురుతుందా?" అని అడిగారు. ఎందుకు కుదరదు? నెల్లిమర్ల రోడ్డులో ఒక పాత గోగునార గోదాంలో రెండేళ్లున్నాను నేను.

అద్దె గదిలో ఆరడుగుల కాన్వాస్ నిలబెడితే మనం వీధిలో నిలబడాలి. గోదాంకి ఆ బాధ లేదు, లారీ పట్టే తలుపు, రేకుల మధ్య గాజు పలకలోంచి మంచి వెలుతురు. కాకపోతే నార నుసి గాల్లో తేలి తడి ఆయిల్ రంగు మీద వాలుతుంది, ఆ రెండేళ్లలో నేను వేసిన ప్రతి ఆకాశానికీ గడ్డం ఉంది. ఇప్పుడు వైజాగ్‌లో మంచి గోడకి ప్లాస్టరు చెక్కించి, ఇటుకలు చూపించి, కాఫీ రెండింతలకి అమ్ముతున్నారు చూడండి, వాళ్లని మే నెలలో ఒక్క మధ్యాహ్నం ఆ రేకుల కింద కూర్చోబెట్టాలి.

అసలు సంగతికొస్తాను. పైడితల్లమ్మ పండగకి తొలేళ్ల రాత్రి కాన్వాస్ వెనక గోనెల మీద నిద్రపోయాను. మేస్త్రి నన్ను చూడలేదు, బయట తాళం వేసుకుని జాతరకి పోయాడు. ఫోన్ చచ్చిపోయింది. మర్నాడు ఊరంతా సిరిమాను చూస్తుంటే నేను అర సీసా నీళ్లతో తలుపు బాదుతూ కూర్చున్నాను. రాత్రి తొమ్మిదికి వచ్చి తీశాడు. "లోన ఉన్నావేటి బాబూ!" అని నామీదే అరిచాడు.

తర్వాత తెలిసింది, న్యూయార్క్‌లో ఆ ఆర్టిస్టులుండే పేట సోహో, అక్కడి వాళ్లదీ ఇదే తంటా అని. 1960ల్లో ఆ బిల్డింగుల్లో కాపురం చట్టవిరుద్ధం. మంటలంటుకుంటే ఫైరింజన్ వాళ్లకి లోపల మనిషున్నట్టు తెలియాలని, 'ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్' అనే అర్థంతో 'ఎ.ఐ.ఆర్.' అని బయట బోర్డు పెట్టేవారు, ఎన్నో అంతస్తో కూడా రాసి. 1971లో రూలు మార్చి, ఆర్టిస్టని సిటీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లని ఉండనిచ్చారు. ఇక్కడ మనకి ఆ సర్టిఫికెట్ ఎవరిస్తారు? మా మావయ్యే ఇవ్వలేదు.

సరే, నేనూ తలుపు మీద ఎర్ర రంగుతో 'లోపల మనిషి ఉన్నాడు' అని అడుగెత్తు అక్షరాలు రాశాను. వారం తిరక్కుండా ఓనరుగారు చూశారు. "బొమ్మలేసుకుంటానన్నావు గానీ, ఇక్కడే తొంగుంటానని చెప్పలేదు కదేటి బాబూ" అన్నారు. నెలాఖరుకి ఖాళీ చేశాను. ఇప్పుడక్కడ సిమెంటు బస్తాలున్నాయి, తలుపు మీద మాత్రం లోపల మనిషి ఉన్నాడనే ఉంది.